అమ్మ ఎత్తుకోదు

దిల్‌సుఖ్‌నగర్‌లో మేము కిరాయికి ఉంటున్న ఇంటికి లిఫ్ట్ లేదు. మాది మూడో అంతస్తు. ఒకరోజు బజారు నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే పాప సగంలో కూలబడింది. అప్పటికి దానికి మూడేళ్ళు నిండాయి. పైనుంచి దిగుతున్న పక్కింటావిడ ఆగి, "కాళ్ళు నొప్పులా? అమ్మను ఎత్తుకోమను" అంది.

"అమ్మ ఎత్తుకోదు. అమ్మకు పొట్ట కోశారు" అంది పాప. అందులో ఫిర్యాదేమీ లేదు. మా ఇంటికి బాల్కనీ లేదని చెప్పినంత మామూలుగా చెప్పింది.

పాప పుట్టింది ఆపరేషన్‌తోనే. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ బరువులు ఎత్తొద్దంది. ఎన్నాళ్ళో కూడా చెప్పే ఉంటుంది, మాకు మాత్రం 'ఎత్తొద్దు' ఒక్కటే గుర్తుండిపోయింది. మా అత్తగారు గుంటూరు వైపు మనిషి, మాతోనే ఉంటారు. "కోత పడిన ఒళ్ళమ్మా" అంటూ నీళ్ళ బిందె, బియ్యం సంచి, చివరికి పాప, ఒక్కొక్కటే నా చేతికి రాకుండా చూసుకున్నారు. బయటికెళ్తే మావారు ఎత్తుకునేవారు. తప్పంతా ఆవిడ మీదకు తోసేయలేను. కుట్లు మానిన చాలా కాలానికి కూడా తుమ్ము వస్తే పొట్ట పట్టుకునేదాన్ని. పాపను ఎత్తుకుని మెట్ల మీద తూలితే ఏమవుతుందో ఊహించుకుని, పిల్లను ఇంకెవరైనా అందుకుంటే తేలిగ్గా ఊపిరి తీసుకునేదాన్ని. అలా మూడేళ్ళు గడిచాయి. ఇంకో రెండేళ్ళు పోతే పాపే ఎత్తుకోమని అడగడం మానేస్తుంది. ఇప్పుడైతే నాన్నను అడుగుతుంది, నానమ్మను అడుగుతుంది. నన్ను అడగడం అప్పటికే మానేసిందని ఆ మెట్ల మీద తెలిసింది.

ఆ కంగారులో ఫోన్‌లో ఏదో వీడియో చూసి, మర్నాడే యాభై గుంజీలు తీశాను. అత్తగారు కూర తరుగుతూ తలెత్తి, "బళ్ళో ఏం తప్పు చేశావమ్మా?" అన్నారు. ఆ పూట బాగానే ఉంది. తర్వాతి రోజు మెట్రో స్టేషన్ మెట్లు దిగలేక, రెయిలింగ్ పట్టుకుని పక్కవాటుగా ఒక్కొక్క మెట్టూ దిగాను. జనం నన్ను దాటుకుని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర ఇంటి ఓనరాంటీ గొంతుక్కూర్చుని గోంగూర గిల్లుతోంది. ఆవిడది నల్గొండ దగ్గర పల్లె.

"ఏంది బిడ్డా, గట్ల కుంటుతున్నవ్? పడ్డవా?"

"లేదాంటీ, ఎక్సర్‌సైజ్ చేశాను. యాభై గుంజీలు."

"ఒక్కపారే?" అని ఆకు పక్కన పెట్టి నవ్వింది. "మేం నాట్లకు పోయినప్పుడు తొలిరోజు నడుం లేవకపోయేది. ఎండకాలమంత ఒంగని నడుమాయె. అందుకే రెండ్రోజులు జర మెల్లగ ఏస్తుంటిమి, ఆసామి అరిస్తే అరవనీ అని. నీ ఎనక ఎవరు అరుస్తున్నరని గంత ఆత్రం?"

రెండు కాళ్ళూ కూడదీసుకుని పైకెక్కాను.

ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నా మాట విని ఆవిడ పెన్ను కింద పెట్టింది. "నేను చెప్పింది ఆ కొన్ని వారాలకే కదమ్మా. మూడేళ్ళుగా ఎత్తుకోలేదా!" అని, పరీక్ష చేసి, కింది అంతస్తులో ఉన్న ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపింది. నాకంటే చిన్నదే ఆ అమ్మాయి. నన్ను పడుకోబెట్టి పొట్ట మధ్యలో వేళ్ళతో నొక్కి చూసింది. తర్వాత కుర్చీలో కూర్చుని, చేతులు ఆన్చకుండా లేవమంది. ఎనిమిదోసారికి తొడలు వణికాయి.

"ఇవాళ ఇలా చూశాం కానీ, ఇంట్లో ఇంతదాకా రావద్దు మేడమ్. ఇంకో రెండు చేయగలను అనిపిస్తుండగానే ఆపేయండి. లేచేటప్పుడు ఊపిరి వదలండి, బిగబట్టొద్దు. రోజు విడిచి రోజు చాలు. అలసిపోతే ఫర్వాలేదు, నొప్పి వస్తే మాత్రం నా దగ్గరికి రండి."

ఇంత చిన్న పనికి ఏమొస్తుందని అనుమానం. అయినా మొదలుపెట్టాను. పొద్దున టీ మరిగేలోపు వంటగట్టు మీద చేతులు ఆన్చి, ఒళ్ళు వాల్చి లేపడం. పాప బడికి పోయాక కుర్చీ. మధ్యలో పాపకు జ్వరం వచ్చి పది రోజులు ఏదీ కుదరలేదు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పోయిన రోజులన్నీ ఒక్కసారే పూడ్చాలనిపించింది, కానీ ఐదుతో ఆగాను. కుర్చీ సులువయ్యాక, ఫిజియో అమ్మాయి సలహాతో ఒక సంచిలో పుస్తకాలు వేసి గుండెకు హత్తుకుని ఒక అంతస్తు ఎక్కేదాన్ని. తర్వాత రెండు. సంచిలోకి రెండు వారాలకొక పుస్తకం చేరేది.

"ఆ సంచిలో ఏంటమ్మా?" అన్నారు అత్తగారు.

"నా డిగ్రీ పుస్తకాలు."

"పోన్లే, ఇన్నాళ్ళకు పనికొచ్చాయి."

నాలుగైదు నెలలయ్యాక అత్తగారు ఊళ్ళో పెళ్ళికి బయల్దేరారు. మావారికి ఆఫీసు. నేనూ పాపా ఎల్‌బీ నగర్ వెళ్ళి ఆవిడను బస్సెక్కించాం. తిరుగు ఆటోలో పాప నిద్రపోయింది. ఇదివరకైతే లేపేదాన్ని, అది ఏడుస్తూ మెట్లెక్కేది. ఆటో పక్కన నిలబడి ఒక్క క్షణం ఆలోచించాను. తర్వాత మోకాళ్ళు వంచి, దాన్ని దగ్గరికి లాక్కుని, ఊపిరి వదులుతూ లేచాను. పదిహేను కిలోల పిల్ల. సంచి కదలదు, ఇది భుజం మీద తల అటూ ఇటూ తిప్పుతుంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేతిని పిట్టగోడ మీదనుంచి తీయకుండా ఎక్కాను.

రెండో అంతస్తులో ఆగి గోడకు ఆనుకున్నాను. పాప కళ్ళు తెరిచింది.

"నాన్న వచ్చాడా?"

"లేదు."

"మరి ఎవరు ఎత్తుకున్నారు?"

"నేనే."

తల వెనక్కి తీసి నా మొహంలోకి చూసింది. "కుట్లు ఊడిపోతాయా?"

"ఊడవు. ఎప్పుడో మానిపోయాయి."

నమ్మిందో లేదో, కాళ్ళు మాత్రం నా నడుం చుట్టూ బిగించింది. కాస్త ఊపిరి అందాక మిగిలిన మెట్లెక్కాను. తలుపు దగ్గర దించబోతే దిగనంది.

ఆ సాయంత్రం అత్తగారు బస్సులోంచి ఫోన్ చేస్తే పాపే తీసింది. "నానమ్మా, అమ్మ ఎత్తుకుంది" అని మూడుసార్లు చెప్పింది. ఆవిడ నాకివ్వమన్నారు. ఏమంటారో అనుకుంటూ అందుకున్నాను.

"పై దాకానా?"

"పై దాకానే అత్తయ్యా."

"మధ్యలో ఆగావా?"

"ఒకసారి."

బస్సు హారన్ వినిపించింది. "ఆగి ఎక్కావు, మంచిపని చేశావు" అన్నారు. "రాత్రికి అదేం తింటుంది మరి?"