శ్రావణ శుక్రవారం, ఎదురింటి తలుపు

మా ఎదురింటి ఆంటీ ఈ శ్రావణంలో ఒక శుక్రవారం తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. పాలకోసం కిందికి వెళ్ళిన మావారు ఆ కబురు తెచ్చారు. అప్పటికి నేను తలంటుకుని, పూర్ణాలకి శనగపప్పు ఉడికించి, వార్చి, పళ్ళెంలో ఆరబెట్టాను. ఆ రోజు మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. కలశం చెంబు తోమి పక్కన పెట్టుకున్నానే గానీ ఇంకా బియ్యం మీద నిలపలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పడానికి నాకు ధైర్యం చాలకపోవచ్చు.

"ఎదురింటి ఆంటీ పోయారట," అన్నారు మావారు గుమ్మంలోనే నిలబడి. "కింద ఐరిష్ పెద్దావిడ చెప్పింది. జీపీ డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడట. డాక్టరమ్మాయి ఒక్కతే ఉంది లోపల."

డాక్టరమ్మాయి అంటే ఆంటీ కూతురు. డ్రోహెడా ఆసుపత్రిలో పనిచేస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. తల్లీ కూతుళ్ళిద్దరే ఉండేవాళ్ళు.

నేను వెంటనే విజయవాడలో మా అత్తగారికి ఫోన్ చేశాను.

"కలశం పెట్టేశావా?" అని అడిగారు ఆవిడ.

"ఇంకా లేదండీ."

"అయితే వచ్చే శుక్రవారం చేసుకో, దోషం లేదు. పెట్టావా, రేపు ఉద్వాసన చెప్పేదాకా ఆ గడప తొక్కకూడదు. నీ ఇష్టం మరి."

నా ఇష్టానికే వదిలారు. నేను పప్పు వంక చూశాను. పేరంటాళ్ళందరినీ పిలిచేశాను, తాంబూలాల సంచుల్లో అన్నీ సర్ది వరసగా పెట్టేశాను. ఏ పనైనా మొదలుపెడితే మధ్యలో ఆపడం నాకు చేతకాదు. కలశం పెట్టేశాను.

ఆంటీ ఇక్కడికి, డబ్లిన్ శివార్లలో మా సిటీవెస్ట్‌కి, రాకముందు చాలా ఏళ్ళు షికాగోలో ఉన్నారు. షికాగో అనగానే మనవాళ్ళు పెద్ద ఇల్లు, రెండు కార్లు ఊహించుకుంటారు. ఆంటీ వాళ్ళది నగరానికి ఉత్తరాన ఒక ఇటుకల ఇల్లు, అందులో మధ్య అంతస్తు. కింద ఒక పోలిష్ ముసలావిడ, పైన ఒక యూదు పెద్దాయన. పక్కింట్లో లాహోర్ నుంచి వచ్చిన టాక్సీ డ్రైవరు కుటుంబం, ఎదురుగా మెక్సికో వాళ్ళు, మూలమీద ఇరాక్ నుంచి వచ్చిన క్రైస్తవుల కిరాణా కొట్టు. ఆ కొట్టాయన ఆంటీ కోసం చింతపండు తెప్పించి పెట్టేవాడట. అది ఎలా వండుతారో అడిగి తెలుసుకుని, ఒకసారి మాంసంలో వేసి చెడగొట్టుకున్నాడట కూడా.

"ఆ వీధి ఎవరిదీ కాదమ్మా," అనేవారు ఆంటీ. "మాకు ముందు వేరేవాళ్ళుండేవారు, మా తర్వాత ఇంకెవరో వచ్చారు. కిటికీ తెరలు మారినప్పుడల్లా కొత్త దేశం దిగిందని తెలిసేది. ముందొచ్చినవాడు తర్వాతొచ్చినవాడికి బస్సు నంబరు చెప్పాలి. అంతే ధర్మం."

ఇక్కడా ఆవిడ అదే చేశారు. మా బ్లాకులో కొత్తగా ఎవరు దిగినా ఆవిడకే ముందు తెలిసేది. బ్రెజిల్ నుంచి వచ్చిన అమ్మాయిని లువాస్ స్టాప్ దాకా తీసుకెళ్ళి, ట్రామ్ ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి కార్డు తట్టాలని చేత్తో చూపించి మరీ నేర్పారు. నైజీరియా నర్సుగారి పిల్లల్ని బడి బస్సు దాకా దింపి వచ్చేవారు. పైనున్న పోలిష్ ఆయనతో మాత్రం ఎందుకో ఎక్కువ చనువు. "నాకు పోలిష్‌లో నాలుగు తిట్లు వచ్చులే, అందుకు," అనేవారు నవ్వుతూ.

నేను ఆ బ్లాకులో ఆవిడకన్నా ముందునుంచీ ఉన్నాను. నాకు తెలిసినవి ఫ్లాటు నంబర్లే. పద్నాలుగులో పోలిష్ ఆయన, తొమ్మిదిలో నైజీరియా ఆవిడ. మనుషులు నాకు ఆంటీ ద్వారానే తెలిశారు.

ఒక వేసవిలో మనవాళ్ళమీద దాడులు జరుగుతున్నాయని అందరం భయపడ్డాం. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో జాగ్రత్తలు మొదలయ్యాయి. లువాస్‌లో ఫోన్ మాట్లాడకండి, తెలుగులో గట్టిగా పిలుచుకోకండి, పిల్లల్ని ఒంటరిగా పంపకండి. ఆంటీ అవన్నీ విని, "నోరు మూసుకుని తిరిగితే పక్కవాడికి మనం మనుషులమని ఎలా తెలుస్తుంది?" అన్నారు. మర్నాటినుంచి సాయంత్రాలు ఆవిడా, కింది అంతస్తు ఐరిష్ పెద్దావిడా లువాస్ స్టాప్‌లో బెంచీమీద కూర్చునేవారు. మా అమ్మాయి స్కూలు క్లబ్బు ముగించుకుని దిగితే, ఇద్దరూ చెరోపక్కా నడిచి ఇంటికి తెచ్చేవారు. ఒకరు చీర మీద స్వెటరు, ఒకరు వాన కోటు. "నాకు ఇద్దరు బాడీగార్డులు, వాళ్ళిద్దరికీ మోకాళ్ళు లేవు," అనేది మా అమ్మాయి ఇంగ్లీషులో.

మా నాన్నగారు పోయినప్పుడు నేను ఇండియా వెళ్ళలేకపోయాను. నా రెసిడెన్స్ కార్డు రెన్యువల్‌లో ఉంది, వెళితే తిరిగి రావడం కష్టమన్నారు. ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి, అలమరాలో డబ్బాలు దింపి మళ్ళీ సర్దుతున్నాను. ఆంటీ వచ్చారు. తలుపు తట్టలేదు. ఒక్క మాట మాట్లాడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను డబ్బాలు సర్దుతూనే ఉన్నాను, ఆవిడ కూర్చునే ఉన్నారు. చివరికి నేనే అన్నాను, "ఆంటీ, ఈ రోజు శుక్రవారం. పరామర్శకి రాకూడదు కదా" అని.

"చావు ముందుగా వారం అడిగి వచ్చిందేమ్మా?" అన్నారు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

తర్వాత చెప్పారు. షికాగోలో అంకుల్ పోయింది మంగళవారం. మనవాళ్ళంతా ఊరి చివర పేటల్లో ఉండేవారు. మంచివాళ్ళే. మంగళవారం వద్దని బుధవారం బయల్దేరారు. ఆ రాత్రి ఆవిడ పక్కన ఉన్నది కింద పోలిష్ ముసలావిడ, చారు గిన్నెతో. పైనుంచి యూదు పెద్దాయన దిగి వచ్చి, ఒక్క మాట అనకుండా మూల కూర్చున్నారట. వాళ్ళ ఆచారం అది. చావు జరిగిన ఇంటి తలుపుకి గడియ పెట్టరు, వచ్చినవాళ్ళు తట్టరు, దుఃఖంలో ఉన్నవాళ్ళు నోరు విప్పేదాకా ఎవరూ మాట్లాడరు.

"అప్పుడు నేర్చుకున్నానమ్మా," అన్నారు ఆంటీ. "కబురు వినగానే ముందు చెప్పులేసుకోవాలి. పంచాంగం తర్వాత చూసుకోవచ్చు."

ఈ మాట నేను చాలామందికి చెప్పాను, ఎంత మంచి మాటో అని.

ఆ వీధిలో మెక్సికో ఆవిడ భర్త కూడా పోయాక ముగ్గురు విధవలూ వేసవి సాయంత్రాలు ఇంటి ముందు మెట్లమీద చేరేవారట. "పోలిష్ ఆవిడ నల్లబట్టలు విప్పలేదు, మెక్సికో ఆవిడ మొగుడు పోయాకే ఎర్ర లిప్‌స్టిక్ మొదలెట్టింది. నేను మధ్యలో, ఎటు మొగ్గాలో తెలీక," అని చెబుతూ ఆంటీ పడీ పడీ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ పండగలకీ ఆ వీధిలో ముగ్గుర్నీ పిలిచేవారని కూడా చెప్పారు. అది విన్నప్పుడు నేను ఏమన్నానో గుర్తులేదు. మాట మార్చి ఉంటాను.

ఎందుకంటే నేను ఆవిడని పేరంటానికి ఒక్కసారీ పిలవలేదు. వ్రతానికి ముందు అంతస్తులవారీగా పేర్లు రాసుకుంటాను. తెలుగువాళ్ళు, తమిళులు, కన్నడవాళ్ళు, కొత్తగా పెళ్ళయిన పంజాబీ అమ్మాయి, ఎవర్నీ మర్చిపోను. అడుగు దూరంలో ఉన్న తలుపు మాత్రం దాటేసేదాన్ని. ఆవిడే రానంటారని నాకు నేను చెప్పుకున్నాను. అడిగి చూడలేదు. సాయంత్రం ప్రసాదం పళ్ళెం మా అమ్మాయి చేత పంపేదాన్ని.

ఏటా ఆ రోజు ఆంటీ తలుపు పొద్దున్నుంచి మూసే ఉండేది. మామూలు రోజుల్లో ఓరగా తెరిచి ఉండే తలుపు అది. పేరంటాళ్ళకి ఎదురు రాకూడదని ఆవిడ అలా చేస్తున్నారని నాకు తెలుసు. ఎంత తెలిసిన మనిషో అనుకుని, మనసులో దండం పెట్టుకునేదాన్ని. మర్నాడు పళ్ళెం తిరిగిస్తూ, "ఈసారి యాలకులు ఎక్కువ పడ్డాయి," అనో, "రెండో హారతి ఎవరమ్మా పాడింది? శ్రుతి తప్పింది గానీ గొంతు బంగారం," అనో అనేవారు. ఈ ఫ్లాట్ల గోడలు మరీ పలచన అనుకునేదాన్ని.

ఈ శుక్రవారం ఆవిడ తలుపు బార్లా తీసి ఉంది. మూసుకున్నది మాది.

కలశం పెట్టాక గ్రూపులో రాశాను, ఎదురింట్లో ఇలా జరిగింది, మీరు సరాసరి మా ఇంటికే రండి, చెప్పులు మా వైపే విడవండి అని. తలుపు కన్నంలోంచి చూస్తే పోలిష్ ఆయన కుర్చీలు మోసుకొస్తున్నాడు. నైజీరియా నర్సుగారు రెండు చేతులా పట్టుకుని పెద్ద గిన్నె తెచ్చారు. బ్రెజిల్ అమ్మాయి గుమ్మంలోనే కూర్చుని ఏడుస్తోంది.

"మామ్, ఆర్ యూ నాట్ గోయింగ్ ఓవర్?" అంది మా అమ్మాయి వెనకనుంచి.

"కలశం పెట్టానమ్మా. రేపు వెళ్తాను."

"షీ కేమ్ ఫర్ తాతయ్య."

అది చెప్పులేసుకుంది. "వచ్చాక తలస్నానం చేసి గానీ దేవుడి దగ్గరికి రాకు," అన్నాను. "గ్రాండ్," అని, ఇక్కడివాళ్ళు సరేకి అనే మాట అనేసి, వెళ్ళిపోయింది. ఆ మాట అంత చల్లగా అనొచ్చని నాకు తెలియదు.

పేరంటాళ్ళు వచ్చే వేళకి ఐరిష్ పెద్దావిడ శాండ్‌విచ్‌ల ట్రేతో లిఫ్ట్ దగ్గరే ఉంది. పట్టుచీరలు, పూలు, గాజులతో వాళ్ళంతా ఒక్కసారిగా లిఫ్ట్‌లోంచి దిగారు. నేను తలుపు తీశాను. ఆ పెద్దావిడ వాళ్ళని చూసి కళ్ళు తుడుచుకుంది. "ఆవిడ కోసం ఎంత చక్కగా తయారై వచ్చారమ్మా. చూసి ఉంటే మురిసిపోయేది. గాడ్ లవ్ యూ," అంది వాళ్ళ ఇంగ్లీషులో.

ఎవరమూ కాదని చెప్పలేదు. తలలు వంచుకుని మా వాళ్ళు ఇటువైపు చెప్పులు విడిచారు. ఆవిడ మా చెప్పుల వంకా, మా తలుపు వంకా చూసింది. ట్రే పట్టుకుని అటు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం హారతి పాట మొదలుపెట్టాక లిఫ్ట్ చప్పుడైంది. బయట నెమ్మదైన అడుగులు. తీసుకెళ్ళడానికి వచ్చారని అందరికీ అర్థమైంది. ఎవరూ పాట ఆపలేదు. ఆపితే ఏం చెయ్యాలో మాకెవరికీ తెలియదు.

శనివారం పొద్దున్నే ఉద్వాసన చెప్పి, చెప్పులేసుకున్నాను. ఆ తలుపుకి గడియ లేదు. తట్టలేదు. లోపల డాక్టరమ్మాయి సోఫాలో ఒక మూలకి ముడుచుకుని కూర్చుంది. ఆంటీ నేర్పినట్టే నేను నోరు విప్పలేదు. కూర్చోబోయి చూస్తే, పోలిష్ ఆయన తన కుర్చీలు పట్టుకెళ్ళినట్టున్నాడు, దగ్గర్లో ఉన్నది ఒక్కటే కుర్చీ. వీధి తలుపు వెనక, గోడకి ఆనించి ఉంది. తలుపు తెరిచి ఉంటే గుమ్మంలోంచి కనిపించదు. దాన్ని ముందుకి లాగబోయాను.

"అది అక్కడే ఉండనీ అక్కా," అంది డాక్టరమ్మాయి. నేను వెళ్ళాక అన్న మొదటి మాట అదే. "గురువారం సాయంత్రం అమ్మే వేసుకుంది. ఏటా వేసుకుంటుంది."

"ఎందుకు?"

"మీ ఇంట్లో పాటలు వినడానికి. తలుపు మూసుకుని, అందులో కూర్చుని వినేది. తనకి తెలిసినవైతే మెల్లగా తనూ పాడేది. నేను నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే, ష్, చప్పుడు చెయ్యకు, హారతి మొదలైంది అనేది." సోఫాలో కాస్త సర్దుకుంది. "నిన్న కిందికి దించేటప్పుడు మీరు పాడుతున్నారు కదా. మంచిదే అయింది అనుకున్నాను."

దెప్పలేదు ఆ పిల్ల. నిజంగానే అంది. దెప్పి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఇన్నేళ్ళలో నేను ఎదురింటి గుమ్మంలో నిలబడి, "ఆంటీ, రండి," అని ఒక్కసారి పిలిచి ఉంటే సరిపోయేది. ఆవిడ రానంటే రానన్నారని తెలిసేది. ఇప్పుడది ఎప్పటికీ తెలియదు.

డాక్టరమ్మాయి లేచి కాఫీ పెట్టడానికి వెళ్ళింది. వద్దన్నా వినలేదు. నేను తలుపు మెల్లగా మూసి, ఆ కుర్చీలో కూర్చున్నాను. సీటుమీద ఆవిడ మడిచి వేసుకున్న శాలువా ఇంకా అలాగే ఉంది. అక్కడినుంచి మా ఇల్లంతా వినిపిస్తుంది. కుక్కరు మూడో కూత, మావారి దగ్గు, మా అమ్మాయి ఎవరితోనో ఫోన్లో నవ్వడం. కడిగిన కలశం చెంబు ఎవరో దేవుడి గదిలో బోర్లించిన చప్పుడు కూడా.