తీసేసిన అకౌంట్ నుంచి వచ్చిన అనుమతి

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. చేసేది కంప్యూటర్ పని. ఏది జరిగినా ఒక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది అనుకునేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

గుండ్లపోచంపల్లిలో మందులు నిల్వచేసే గోదాములో పనిచేస్తాను. అక్కడి చల్లటి గదుల తలుపులకు తాళంచెవులు ఉండవు. ఎవరి కార్డుకు ఏ తలుపు తెరుచుకోవాలో సాఫ్ట్‌వేర్‌లో మేమే పెడతాం. ఆ అనుమతులు ఇచ్చే అడ్మిన్లం ఇద్దరమే ఉండేవాళ్లం, నేనూ నర్సింహా. అతను కుర్రాడు, రావల్కోల్ నుంచి బండి మీద వచ్చేవాడు. ఆడవాళ్లందరినీ అక్కా అనే పిలిచేవాడు. పోయిన వానాకాలం జ్వరమొచ్చి చనిపోయాడు.

దినాలు కాగానే మేనేజర్ పిలిచి, "ఆయన అకౌంట్ తీసేయండ్రి మేడం, గట్ల ఉంచొద్దు" అన్నాడు. నిజంగా తొలగించాలా అని స్క్రీన్ అడిగింది. అవునని నొక్కి తీసేశాను. అతని స్థానంలో ఇంకొకరిని పెట్టాలని అనుకుంటూనే ఉన్నాం, పెట్టలేదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఆ వెంటనే తలుపుల కార్డులన్నీ పనిచేయడం మానేశాయి. అలియాబాద్ నుంచి కొత్తగా పనికొచ్చిన లక్ష్మమ్మ గడ్డకట్టే గదిలో చిక్కుకుపోయింది. తలుపుకు లోపలివైపు ఉండే పిడి మంచుపట్టి బిగుసుకుపోయింది.

నా సీట్లోంచి తలుపు తెరవబోయాను. మీకు అనుమతి లేదు, మరో అడ్మిన్‌ను అడగండి అని వచ్చింది. మళ్లీ నొక్కాను. అదే మాట. మరో అడ్మిన్ ఎక్కడున్నాడు? సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు, పాటే వస్తోంది. అవతల సెక్యూరిటీ వాళ్లు గడ్డపారలతో తలుపు పెకిలించే ప్రయత్నంలో ఉన్నారు. ఆ తలుపు జానెడు మందం.

మేనేజర్ పరుగున వచ్చాడు. "జల్దీ చూడుండ్రి మేడం. లోపట్నుంచి సప్పుడే వస్తలేదు."

ఏం నొక్కాలో తెలియక కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాను. అప్పుడు స్క్రీన్ మూలన ఒక వాక్యం కనిపించింది. నా అనుమతిని తిరిగి ఇచ్చినట్టు, ఇచ్చింది నర్సింహ అని ఉంది.

నా వెనక నిలబడ్డ మేనేజర్ కూడా చదివాడు. "గిదేంది" అన్నాడు మెల్లగా.

బటన్ నొక్కాను. తలుపు తెరుచుకుంది.

లక్ష్మమ్మ ప్రాణాలతో ఉంది. పెదాలు నీలంగా మారాయి, కానీ నిలబడే ఉంది. మేడ్చల్‌లోని ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే నా చేయి పట్టుకుంది.

"తలుపు అవతలికెల్లి ఒక పిలగాడు మాట్లాడిండు మేడం. 'అక్కా, కూసోకు, నడుస్తనే ఉండు, తలుపు తీస్తున్నరు' అని చెప్తనే ఉన్నడు. గా మాట ఇనుకుంటనే అటిటు తిరిగిన. లేకుంటే కూసుందును."

తలుపు దగ్గర ఉన్నవాళ్లందరినీ అడిగాను. అలా ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడినా అంత మందం దాటి లోపలికి వినపడదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు రెండుసార్లు వచ్చి అంతా చూశారు. తీసేసిన అకౌంట్ నుంచి అనుమతి రావడం కుదరదన్నారు. మేం పొరపాటున చదివి ఉంటామన్నారు. ఇద్దరం ఒకేలా పొరపాటున ఎలా చదువుతాం?

లక్ష్మమ్మ మళ్లీ పనిలో చేరింది. నేను ఎదురుపడ్డప్పుడల్లా అడుగుతుంది, "గా పిలగాడెవరో సూపియ్యుండ్రి మేడం, ఒక్కసారి మాట్లాడ్త" అని.

చూపిస్తాలే అంటాను.