మూలకణాలకు ఐసు పెట్టిన మొనగాణ్ణి

లక్షల ప్రాణాలు ఒంటిచేత్తో తీసినవాణ్ణి ఎప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే. పోలీసులకు ఫోన్ చెయ్యకండి. చచ్చినవాటిలో ఒక్కటీ కంటికి ఆనేంత లేదు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను ఎనిమిదితో బడి మానేసి, చదవకుండానే పోగొట్టుకున్నాను. అప్పట్లో మద్దిలపాలెం దగ్గర ఒక ప్రయోగశాలలో అటెండర్‌గా కొత్తగా చేరాను. అక్కడ రమ్య మేడమ్ రెండేళ్లుగా ఒక జెల్ మీద తపస్సు చేస్తున్నారు. చల్లగా ఉంటే సూదిలోంచి నీళ్లలా జారుతుంది, ఒంటి వేడి తగిలితే జున్నులా గట్టిపడుతుంది. ఎముకగా మారగల మూలకణాలను అందులో కలిపి, విరిగిన ఎముక సందులోకి ఎక్కించాలని ఆవిడ ఆశ. ముందు తేలాల్సింది ఒక్కటే: ఆ జెల్‌లో కణాలు బతుకుతాయా, చస్తాయా? ఈసారి చస్తే జెల్ పని మూసెయ్యమని పైవాళ్లు చెప్పేశారు.

ఆ శనివారం మేడమ్ రెండు గిన్నెల్లో కణాలు పోసి, ఒకదాంట్లో జెల్ కలిపి, రెండోది ఊరికే వదిలి, వెచ్చటి పెట్టెలో పెట్టారు. "నూకరాజూ, సోమవారం దాకా ఈ తలుపు తియ్యకు" అని కూర్మన్నపాలెంలో ఇంటికి వెళ్లిపోయారు.

తియ్యకుండా ఉందును. కానీ మే నెల! బయట విశాఖ ఉడుకుతుంటే, ప్రాణమున్నవాటిని వేడి పెట్టెలో పెడతారా? మాది తరతరాలుగా సముద్రం మీద వేట. పాడవకూడనిది ఏదైనా మాకు ఐసులోకే వెళ్తుంది. పాపం, అంత చదివిన మనిషికి ఇంత చిన్న సంగతి తెలియలేదే అని జాలేసి, హార్బర్లో ఐసు దంచే మా బావ యల్లాజీకి కబురు పెట్టాను.

బావ పెట్టెడు ఐసుతో దిగాడు. "సేపలేవి బావా?"

"సేపలు కాదు బావా, కణాలు. ఎముకలవుతాయంట."

"ముళ్లు ముందొచ్చి సేప తరవాతొత్తాదేటి? మేడం పెట్టమన్నాదా?"

"సదువుకున్నోళ్లకి ఐసు గురించి ఏటి తెలుత్తాది? నాను సూసుకుంతాను."

గిన్నెలు రెండూ తీసి ఐసులో పాతేశాను. ఆదివారం కూడా వెళ్లి రెండుసార్లు ఐసు మార్చాను. జ్వరమొచ్చిన బిడ్డకు తడిగుడ్డ వేసినంత ప్రేమగా! సోమవారం పొద్దున్నే గిన్నెలు తువ్వాలుతో తుడిచి, మళ్లీ వెచ్చటి పెట్టెలో పెట్టి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.

మేడమ్ జెల్ కలిపిన గిన్నెను మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు.

"అన్నీ చచ్చిపోయాయి నూకరాజూ. రెండేళ్లు... నా జెల్లే చంపేసింది."

అయ్యో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, వెంటనే కాస్త కుదుటపడ్డాను కూడా. నేరం జెల్ మీదికి పోయింది కదా!

అంతలో ఆవిడ రెండో గిన్నె చూశారు. "ఇందులో జెల్లే లేదు. ఇవెందుకు చచ్చాయి?"

గదిలో ఉన్నది మేడమ్, నేను, పెట్టె. పెట్టెకు చేతుల్లేవు.

"ఐసెట్టానండి" అన్నాను. "పాడవకుండా ఉంటాయని. మంచి ఐసేనండి!"

ఆవిడ నా వైపు తిరిగారు. "మీ పడవలో ఐసు పెట్టినాక చేపలెలా ఉంటాయి?"

"తాజాగా ఉంటాయండి!"

"బతికుంటాయా?"

మా ముత్తాత నుంచి నా దాకా ఎవరికీ తట్టని ప్రశ్న అది.

"...సచ్చే ఉంటాయండి."

మేడమ్ కుర్చీలో కూలబడి, కళ్లు తుడుచుకుంటూ పగలబడి నవ్వారు. జెల్ నిర్దోషి! కొత్త కణాలతో పరీక్ష మళ్లీ మొదలుపెడుతూ, రిజిస్టరులో మరణకారణం దగ్గర "జెల్ కాదు, నూకరాజు" అని రాసుకున్నారు.

ఆ రోజే సముద్రం సాక్షిగా ఒట్టు వేశాను: బతికున్న దేనికీ ఐసు పెట్టను. మొన్న మా ఆవిడ కాలు బెణికి, ఐసు తెమ్మని ఎంత అరిచినా, ఒట్టు తప్పలేదు.