తీగకొక గ్లాసు

పోయినవి ఐదు వైన్ సీసాలు. ఒక్కో దానిలో మూడు వందల డెబ్బై ఐదు మిల్లీలీటర్లు, మొత్తం పద్దెనిమిది వందల డెబ్బై ఐదు. తీగకొక గ్లాసు లెక్కన, గ్లాసు వంద మిల్లీలీటర్లనుకుంటే, దాదాపు పందొమ్మిది ద్రాక్ష తీగల ఏడాది కాపు. మొన్న మట్టెవాడలో ఒక పెళ్లి భోజనంలో ఖుబానీ పండ్ల మిఠాయి నా ముందుకు రాగానే, ఆ వాసనకు ఈ లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకున్నాను. చెంచా ముట్టుకోలేదు.

తీగకొక గ్లాసు అన్నది సాంబయ్య సార్ చెప్పిన లెక్క. ఆయన హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో ముప్పై ఏళ్లు వైన్ వడ్డించి, రిటైరయ్యాక సుబేదారిలోని మా బార్‌కు మేనేజర్‌గా వచ్చారు. నేను స్టోర్ లెక్కలు రాసేవాణ్ని. పదో తరగతితో చదువు ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నానని నన్ను మునీం అని పిలిచేవారు. హోటల్ వాళ్లు తనకు వీడ్కోలుకు ఇచ్చిన ఆరు చిన్న సీసాలను సార్ మా స్టోర్‌లోనే దాచుకున్నారు. ఫ్రాన్స్‌లో బార్సాక్ అనే చిన్న ఊరి తీపి తెల్ల వైన్. ఒకటి తెరిచి నాకు రుచి చూపించారు. లేత పసుపు రంగు, తేనె వాసన, ఎండు ఖుబానీ వాసన. అక్కడ పొద్దున ఏటి మీది పొగమంచు కమ్మి, మధ్యాహ్నం ఎండ కాసి ద్రాక్షకు బూజు పడుతుందట. అలా బూజు పట్టి ఎండిన పండ్లనే ఏరి కోస్తారట, అందుకు మళ్లీ మళ్లీ తోటకు పోతారట, అయినా తీగకు ఏడాదికి ఒక్క గ్లాసే దక్కుతుందట. బూజు పట్టినవి మనం పారేస్తాం కదా సార్ అన్నాను.

"నువ్వు కండ్లతోటే లెక్క రాస్తవు మునీం. జర ముక్కుతోటి గూడ రాయి," అన్నారు.

అప్పటి నుంచి వాసన చూడకుండా ఏ సరుకూ చెడిపోయిందని రాయలేదు, ఒక్కసారి తప్ప.

తొమ్మిదేళ్లకు సార్‌కు గొంతులో గడ్డ లేచింది. ఆయన హైదరాబాద్ దవాఖానలో ఉండగా ఓనర్ స్టోర్ ఖాళీ చేయమన్నారు. సార్ సీసాలు ఐదూ చాయ్ డికాషన్ రంగుకు తిరిగి ఉన్నాయి. తెల్ల వైన్ నల్లబడితే చెడినట్టే అనుకున్నాను. చెడిపోయినవి అని రిజిస్టర్‌లో రాసి, తెరిచి సింకులో పోశాను. రెండో సీసాకే ఖుబానీ వాసన గది నిండా వచ్చింది. కానీ అప్పటికే రాసేశాను. రాసింది కొట్టేయడం నాకు అలవాటు లేదు. మిగతా మూడూ పోసేశాను.

ఆయన తిరిగొచ్చాక చూడ్డానికి వెళ్లాను. నీళ్లు కూడా కష్టంగా దిగుతున్నాయి. నా చెయ్యి పట్టుకుని, "ఆ సీసాల నుంచి ఒక్క చెంచా తెచ్చియ్యి బిడ్డా. మింగ, నాలుక మీద పెట్టుకుంట," అన్నారు. నేను చేసింది చెప్పాను. 

"రంగు ఎట్లయింది?" అని అడిగారు.

"డికాషన్ లెక్క అయింది సార్."

"అంటే చెడలే, తయారైనయి," అన్నారు.

కోప్పడలేదు. పోసేటప్పుడు వాసన వచ్చిందా అని అడిగారు. వచ్చిందన్నాను. "చెప్పు మరి," అని కళ్లు మూసుకున్నారు. తేనె అన్నాను, ఖుబానీ అన్నాను. ఇంకా అన్నారు. నారింజ తొక్క అన్నాను. ఇంకా అన్నారు.  పదకొండు రోజులకు పోయారు.

తర్వాత హైదరాబాద్‌లో వెతికి ఆ ఊరి వైన్ ఒకటి కొన్నాను. అది లేత పసుపుది. బీరువాలో ఉంది, ఆ రంగుకు తిరగాలంటే ఏళ్లు పడుతుంది. ఇప్పుడు ఏ సరుకునైనా వాసన చూశాకే రాస్తాను. రాసింది తప్పయితే కొట్టేస్తాను కూడా. పద్దెనిమిది వందల డెబ్బై ఐదులో ఆయన అడిగింది ఒక్క చెంచా. అది ఇంకా బాకీ ఉంది, ఐదు మిల్లీలీటర్లు.