నీళ్లు కాచే ఉద్యోగం

పదో తరగతి పిల్లలకు విద్యుత్తు పాఠం చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. ఆ పిల్లలైనా పరీక్షకు వస్తుందంటే బుద్ధిగా రాసుకుంటారు. మా తోడికోడలికి పరీక్షలు లేవు. కరెంటు ఎలా పుడుతుందో ఆమెకు చెప్పడానికి నేను పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు.

సంగతేమిటంటే, ఆమె కూతురు పాలిటెక్నిక్ పూర్తి చేసి, ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న అణువిద్యుత్ కేంద్రంలో శిక్షణకు ఎంపికైంది. శిక్షణ అయ్యాక ఉద్యోగం కూడా అక్కడే. వచ్చే సోమవారానికల్లా వెళ్లి చేరాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. మా అక్క, అంటే ఆ తోడికోడలే, పంపనని భీష్మించుకుని కూర్చుంది. పిల్ల ఏడ్చి, అలిగి, అన్నం మానేసి, చివరికి నా దగ్గరికి వచ్చింది. "పిన్నీ, నువ్వు సైన్సు టీచరువి గదా, అమ్మకి నువ్వే చెప్పు" అంది. టీచరునైనందుకు మొదటిసారి విచారించింది అప్పుడే.

సత్తెనపల్లికి ఇవతల మా రెండు కుటుంబాల పొలాలూ పక్కపక్కనే ఉంటాయి. మిరపకాయ ఆరబోసుకునే కల్లం ఒకటే. బడి వదలగానే నేరుగా అక్కడికే పోయాను. అక్క పట్టా మీద కూర్చుని, ఎండిన కాయలోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరి పక్కకు వేస్తోంది. నేనూ కూర్చుని ఏరుతూ మొదలుపెట్టాను. అణువంటే కంటికి కనిపించనంత చిన్నదని, దాని నడిమి భాగాన్ని పగలగొడితే వేడి పుడుతుందని, ఆ వేడి నుంచే కరెంటు తీస్తారని చెప్పాను. అక్కడిదాకా బాగానే విన్నది.

"పగిలేదంటే బాంబేగదే" అంది.

"బాంబు కాదక్కా. బాంబులో అన్నీ ఒక్కసారే పగులుతాయి. ఇక్కడ అదుపులో పెట్టి నిదానంగా పగలనిస్తారు."

"నిదానంగా పగిలితే మాత్రం బాంబు కాకుండా పోద్దా?"

మాతోపాటు కాయలు ఏరుతున్న కూలీ పెద్దావిడ, ఆదివారం చర్చి మానని మనిషి, నా వంక జాలిగా చూసి "ప్రార్థన చేద్దాంలే టీచరమ్మా" అంది. ఎవరి కోసం చేస్తుందో నాకు అర్థం కాలేదు.

మర్నాడు పద్ధతి మార్చాను. పగలగొట్టడం అన్న మాటే ఎత్తకూడదనుకున్నాను. "అక్కా, నిన్న చెప్పిందంతా వదిలెయ్. అక్కడ చేసేది నీళ్లు కాచటం, అంతే" అన్నాను. బొగ్గు మండించి కాస్తే అది థర్మల్, అణువుల వేడితో కాస్తే అణువిద్యుత్తు. నీళ్లు మరిగి ఆవిరవుతాయి, ఆవిరి పోయి పెద్ద చక్రాన్ని తిప్పుతుంది, చక్రం జనరేటర్‌ని తిప్పుతుంది, కరెంటు వస్తుంది. డ్యామ్ దగ్గర కాచే పని కూడా లేదు, పైనుంచి దూకే నీళ్లే చక్రాన్ని తిప్పుతాయి. గాలిమరను గాలి తిప్పుతుంది. సోలార్ పలక ఒక్కటే ఏదీ తిప్పకుండా ఎండ నుంచి నేరుగా కరెంటు ఇస్తుంది. ఇంత శుభ్రంగా నేను బడిలో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

అక్క ముందు సోలార్‌ని పట్టుకుంది. "అందుకేగా, నువ్వు షెడ్డు మీద పలకలు పెట్టించిన కాడ్నుంచి కాయ తాలు పడతంది. ఎండలో ఉన్న కరెంటంతా అయ్యే పీలిస్తే ఇంక కాయకేం మిగులుద్ది?"

తాలు పడింది మంచుకు తడిసిన కాయను ఆరకముందే పట్టా కప్పి ఉంచినందుకు. పలక తన మీద పడ్డ ఎండనే తీసుకుంటుంది గాని, పక్కన కల్లంలో పడే ఎండ జోలికి పోదని ఎంత చెప్పినా, "నీకు తెలవదులే" అని కొట్టిపారేసింది. ఆ తర్వాత నీళ్ల మీదికి వచ్చింది.

"అయితే నా కూతురు నీళ్లు కాసేదానికి అంత దూరం పోవాలా?"

మా వైపు పెళ్లిళ్లలో, తెల్లారకముందే కాగులు పొయ్యి మీదికెక్కించి, విడిదిలో వాళ్ల స్నానాలకు నీళ్లు కాచే మనిషి ఒకరుంటారు. ఆ పనికి కన్నకూతురిని ఎవరూ పంపరు. సులువుగా ఉంటుందని నేను వాడిన మాట తిన్నగా పోయి ఆ కాగు దగ్గర ఆగింది. ఇవి ఆ నీళ్లు కావు అక్కా అంటే, "నీళ్లల్లో ఎన్ని రకాలే?" అని తిరిగి నన్నే అడిగింది.

కూలీ పెద్దావిడ ఆ మాటను ఊళ్లోకి మోసుకుపోయింది. తెల్లారి పాలు పోసే ఆవిడ, "మీ అమ్మాయికి ఏదో హాస్టల్లో నీళ్లు కాసే పనొచ్చిందంటగా, పోన్లెండి, ఏదో ఒకటి" అని నన్ను ఓదార్చింది. బడిలో లెక్కల మాస్టారు "గీజర్ల కంపెనీనా మేడం?" అని అడిగారు. ఒళ్లు మండిపోయింది. బాంబంటే భయం, నీళ్లంటే నామోషీ. ఈ రెండింటికీ మధ్య చెప్పడానికి నా దగ్గర ఇంకో మాట లేదు. పిల్ల అయితే "నువ్వు చెప్పకపోయినా బాగుండేది పిన్నీ" అనేసింది.

శుక్రవారం సాయంత్రం పిల్లను కూడా వెంటబెట్టుకుని కల్లానికి పోయాను. అక్క ఒక్కతే ఉంది. ఈసారి ఓపిక లేదు, గొంతు పెంచాను. "బొగ్గయినా, అణువయినా, నీళ్లయినా, ఎండయినా, ఎలా పుట్టినా సరే, తీగలోకి వచ్చాక అంతా ఒకటే కరెంటక్కా. మన మోటారుకు వచ్చేదీ అదే. దానికి భయపడేదేముంది?"

"అదేగదే నేననేది" అంది. "అదే కరెంటు."

బావగారు పోయింది కరెంటుతోనే. వానపడ్డ రోజు మోటారు వేయబోయి స్టార్టర్ పెట్టెకు అంటుకుపోయారు. ఊరందరికీ తెలిసిన సంగతే. అయితే ఆ రోజు గురించి అక్క తన నోటితో చెప్పడం నేనెన్నడూ వినలేదు.

"ముట్టుకుంటే నన్నూ పట్టుకుంటదని తెలుసు. కర్రతో కొట్టా, ఊడి రాలా. ఫీజు పీకుదామని ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పరిగెత్తా. అంతా బురద. ఎంత పరిగెత్తినా అది దగ్గరికి రాలేదే." కాయలు ఏరడం ఆపలేదు, నా వంక చూడలేదు. "నువ్వేమో అది ఎట్టా పుడుద్దో చెప్తా ఉండావు. ఎట్టా పుడితే నాకేంది? ఎట్టా ఆగుద్దో చెప్పవేం?"

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఆమె మొండితనం మీద చిరాకుపడ్డానే గాని, ఆ మొండితనం కింద బురదలో పరుగు ఉందని నాకు తోచలేదు.

పిల్ల తల్లి పక్కన కూర్చుంది. "ఆపేదానికి కడ్డీలుంటయ్యమ్మా, పైన వేలాడతా. లోపల ఏదన్నా తేడా వస్తే చాలు, వాటంతటయ్యే కిందికి పడిపోతయ్. ఆ పగలటం ఆగిపోద్ది."

"ఎంతసేపట్లో?"

"నువ్వీ మాట అడిగినంతసేపట్లో."

"అంతా చల్లారిపోద్దా?"

"లేదమ్మా. వేడి ఒక పట్టాన పోదు. చుట్టూ నీళ్లు తిరగతానే ఉండాలి, రోజుల తరబడి. ఆ పంపులు చూసుకునే పనే నాకు నేర్పేది."

అవునని ఒక్క మాట అనేస్తే పోయేదిగా అనుకున్నాను నేను. పిల్ల అనలేదు.

"కట్టె లాగేసినా పొయ్యి కాలతానే ఉంటదిగా" అంది అక్క. ఇన్ని రోజుల్లో ఆమె తనంతట తాను ఒప్పుకున్న మొదటి మాట అది. తాలు కాయలు పక్కకు నెట్టి, మంచి కాయను దగ్గరకు లాక్కుంది. కూతురి వైపు తిరిగి అడిగింది.

"ఆ కడ్డీలు ఎవరన్నా పోయి దించాలా?"

"అక్కర్లా. బరువుకు అయ్యే పడతయ్."

"ఎవరూ పరిగెత్తక్కర్లేదా?"

"ఎవరూ పరిగెత్తక్కర్లేదమ్మా."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. రైలు గుంటూరులో ఎక్కాలా అని అడిగింది, అవునంటే తలూపింది. పట్టా నాలుగు కొసలూ మడిచి లేవబోతూ మళ్లీ కూర్చుంది.

"ఇందాకటి కడ్డీల మాట ఇంకోసారి చెప్పు" అంది కూతురితో.