తెర పక్క కుర్చీ

నాటకం వేసేవాళ్ళకు చప్పట్లు దక్కుతాయి, చూసేవాళ్ళకు కాలక్షేపం దక్కుతుంది. స్టేజి మేనేజరుకు దక్కేవి తిట్లు. ఆ తిట్లే కావాలని కోరి ఎంచుకున్న మనిషిని ఏమనాలి? వాళ్ళమ్మ అయితే దరిద్రురాలు అనేది, అదీ నలుగురి ముందు.

అమ్మ ఒకప్పుడు పేరున్న నటి. కూతురి ముఖానికి రంగు పూయాలని ఆవిడ చేయని ప్రయత్నం లేదు. కూతురేమో తెర పక్క చీకట్లో కుర్చీ వేసుకుని, ఒళ్ళో స్క్రిప్టు పెట్టుకుని, ఏ దీపం ఎప్పుడు వెలగాలో, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే పనిలో చేరింది. ఆ కుర్చీలో కూర్చుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది. ఈ కొత్త నాటకం సాఫీగా నడిస్తే ఉద్యోగం ఖాయం చేస్తానని దర్శకుడు మాటిచ్చాడు. మాటిచ్చిన నోటితోనే, బామ్మ వేషానికి వాళ్ళమ్మను తెచ్చి ఆమె నెత్తిన పెట్టాడు.

బామ్మకు ఒకచోట అర పేజీ మాటలున్నాయి. అవి అయ్యాక గంట మోగాలి, తలుపు తెరుచుకోవాలి, అల్లుడు లోపలికి రావాలి. మొదటి ఆటలోనే అమ్మ ఆ అర పేజీ మింగేసింది. కూతురు గంట ముందే కొట్టించి ఎలాగో ఆట గట్టెక్కించింది. ఆ తర్వాత ప్రతి ఆటకూ ఇదే తంతు. చివరికి ఒకరోజు అల్లుడు ఇంకా ప్యాంటు ఎక్కించుకుంటుండగానే తలుపు తెరుచుకుంది. హాలంతా గొల్లున నవ్వింది.

"ఎవరిదీ తప్పు?" అని దర్శకుడు ఇంతెత్తున లేచాడు.

"దానిదే," అంది అమ్మ రెప్ప వేయకుండా. "నేను నోరు తెరిచేలోపే గంట కొట్టించింది. దానికి మొదట్నుంచీ తొందరే."

కూతురికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ వెనకేసుకొచ్చినందుకు ఇదా?

"అమ్మకు మాటలు గుర్తుండటం లేదు సార్. ఈ ఒక్క ఆటే కాదు, మొదట్నుంచీ నేనే కప్పిపుచ్చుతున్నాను."

అందరూ తలలు దించుకున్నారు. అమ్మ మాత్రం దించలేదు. దర్శకుడు అక్కడికక్కడే ఆవిణ్ణి తప్పించేశాడు.

మర్నాడు మధ్యాహ్నమే ఇంకో ఆట ఉంది. ఉన్నట్టుండి ఒక వేషం ఖాళీ అయితే స్టేజి మేనేజరే స్క్రిప్టు చేత్తో పట్టుకుని అందులో నిలబడాలి. ఆ పనిలో అది ఎప్పట్నుంచో ఉన్న రివాజు. ఆ సంగతి కూతురికి అప్పుడు గుర్తొచ్చింది. వెలుగులో నిలబడటమంటే ఆమెకు చిన్నప్పట్నుంచీ చచ్చేంత భయం.

ఆ మధ్యాహ్నం అమ్మ అందరికంటే ముందే వచ్చి, వేషం వేసుకుని, మేకప్ గదిలో అద్దం ముందు కూర్చుంది. ఆవిణ్ణి ఎవరూ రమ్మనలేదు. లేవమనే ధైర్యమూ ఎవరికీ లేదు.

"బామ్మ శాలువా ఇయ్యమ్మా, టైమవుతోంది," అంది కూతురు.

"నీకు చేతుల్లేవా? నువ్వే తీసుకో."

కూతురు శాలువాకూ విగ్గుకూ పెట్టిన పిన్నులు ఒక్కొక్కటే తీసింది. విగ్గు తీసేసరికి కింద పల్చటి తెల్లజుట్టు చెమటకు అతుక్కుపోయి ఉంది. అమ్మ అద్దంలో కూతుర్నే చూస్తోంది.

"ఆ ముక్క నాతో చెప్పలేకపోయావా? వాడికే చెప్పాలా?"

"నీతో చెబితే ఒప్పుకునేదానివా?"

"చస్తే ఒప్పుకునేదాన్ని కాదు."

"మరి?"

"అయినా ముందు నాతోనే చెప్పాలి. కన్నదాన్ని."

కూతురు విగ్గు పెట్టుకుని, శాలువా కప్పుకుని బయటికి నడిచింది.

ఆట మొదలైంది. ఆమె కుర్చీలో సహాయకురాలు కూర్చుంది. వేదిక మీద స్క్రిప్టు తెరవాల్సిన పనే ఆమెకు పడలేదు. నాటకమంతా ఆమెకు నోటికొచ్చు మరి. అర పేజీ ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. గంట వేళకు మోగింది. అల్లుడు ప్యాంటుతోనే వచ్చాడు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఆమె కళ్ళు మాత్రం తెర పక్క కుర్చీ మీదే ఉన్నాయి.

తెర పడగానే దర్శకుడు పరుగెత్తుకొచ్చాడు.

"ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచావు? రేపట్నుంచి బామ్మవి నువ్వే."

"మరి నా ఉద్యోగం సార్?"

"ఆ అమ్మాయి బాగానే నడిపిందిగా. కుర్చీ తనకిచ్చేశాను."

ఆ ముఖంలో ఇసుమంతైనా సిగ్గు లేదు. పెద్ద బహుమానం ఇచ్చినవాడిలా ఆమె భుజం తట్టి వెళ్ళిపోయాడు.

మేకప్ గది గుమ్మంలో నిలబడి అమ్మ నవ్వింది. ఆ నవ్వులో ప్రేమ మచ్చుకైనా లేదు.

"నా నోటి దగ్గర కూడు లాగేసి నీది నిలబెట్టుకుందామనుకున్నావు. నిలబడిందా?"

"రేపు ఆ అర పేజీ నేనూ మింగేస్తాను. నన్నూ తీసేస్తారు."

అమ్మ నవ్వు ఆగిపోయింది. "వేదిక మీద కావాలని తప్పు చేస్తావా? పళ్ళు రాలగొడతా."

"నువ్వు చేయలేదా?"

"నేను కావాలని చేశానా?" అంది అమ్మ.

ఆ తప్పు తనదేనని ఆవిడ నోటివెంట రావడం అదే మొదటిసారి. వినడానికి కూతురు ఒక్కతే ఉంది. కుర్చీ పోయాక ఆ ఒప్పుకోలు ఇక కూతురికి ఎందుకూ పనికిరాదు.