వెల్డా ఖాళీ చేయని గది

తెల్లవారకముందే లేచి కాఫీ కాచడం, దాన్ని సాసర్లో పోసి ఊదడం వెల్డాకు ఏళ్ల తరబడి ఉన్న పని. ఆమె భర్త ఆర్విల్ కప్పులో తాగేవాడు కాదు. వాళ్ల నాన్న సాసర్లోనే తాగాడు, తాత సాసర్లోనే తాగాడు, తనూ అంతే. అయితే బొగ్గు గనిలో దుమ్ము మింగీ మింగీ అతని ఊపిరితిత్తులు రాయిలా బిగుసుకుపోయాయి. చివరి రోజుల్లో కాఫీ ఊదుకునేపాటి గాలి కూడా వాటిలో మిగల్లేదు. ముందుగదిలో వాలుకుర్చీలో, ముక్కుకు గొట్టం తగిలించుకుని, ఆమె ఊదుతుంటే చూస్తూ కూర్చునేవాడు. చల్లారిందా అని కళ్లతోనే అడిగేవాడు. ఆమె సాసరు అంచు పెదవికి తాకించి చూసి ఇచ్చేది.

ఫిబ్రవరిలో ఆర్విల్ పోయాడు. వెల్డాకు మాత్రం ఇప్పటికీ ఆ వేళకే మెలకువ వస్తుంది. అలవాటు కొద్దీ కాఫీ కాస్తుంది. ఊదే పని లేదు గనక అది దానంతట అదే చల్లారిపోతుంది. ఈలోగా ఆమె తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తుంది. వాలుకుర్చీ కింద ఊడుస్తుంది. అక్కడ చెత్తేమీ ఉండదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచిందో గుర్తుండదు.

ఆమె ఆడపడుచు ఓపల్ ఇదంతా చూస్తూనే ఉంది. ఓపల్ ఆర్విల్ కంటే పెద్దది. బడి వంటగదిలో పిల్లలకు వండి పెట్టి రిటైరైన మనిషి, ఆమె మాట అంటే ఇంటిల్లిపాదికీ ఆర్డరే.

"నువ్వు తిరుగుతుంటే నాకు కాళ్లు నొప్పులు పుడుతున్నాయే," అంది మే నెల మొదట్లో ఒకరోజు. "శుక్రవారం బేర్‌వాలో అనే పార్కుకి పోతున్నాం. కొండ మీద లాడ్జిలో రెండు రాత్రులు. నేనూ మా ఆయన హోబర్టూ ఏటా వెళ్లేవాళ్లం. వంట లేదు, ఊడ్పు లేదు. ఊగే కుర్చీలో కూర్చుని కొండలు చూడ్డమే."

"కొండలు మనింటి దగ్గర లేవా వదినా?"

"ఉన్నాయి. వాటితోపాటు చీపురు కూడా ఉంది."

ఓపల్ బ్యూక్ కారు పాతదే అయినా పడవంత ఉంటుంది. మలుపు మలుపుకీ హారన్ కొడుతూ ఆమె కొండెక్కింది. సగం దారిలో అసలు విషయం బయటికి వచ్చింది.

"ఆసా రాయి తెప్పించాడట. ఆదివారం ఇంటికెళ్లగానే ఫోన్ చేసి చెప్పాలి. లేదంటే సమాధులకి పూలు పెట్టే ఆదివారంకల్లా రాయి నిలబడదు," అంది ఓపల్. ఆసా అంటే సమాధి రాళ్లు చెక్కే మనిషి. "ఎడమ పక్క ఆర్విల్, కుడి పక్క నువ్వు. నడిమధ్య రెండు చేతులు పట్టుకున్న బొమ్మ. ఆ చేతులు ఆసా ఎంత బాగా చెక్కుతాడో, గోళ్లతో సహా."

వెల్డా కిటికీలోంచి బయటికి చూసింది. వాళ్ల సమాధుల తోటలో రాళ్లన్నీ జంట రాళ్లే. మొగుడు పోతే పెళ్లాం పేరు కూడా అప్పుడే చెక్కించేస్తారు. పుట్టిన సంవత్సరం, పక్కన ఒక గీత, గీత తర్వాత నున్నగా ఖాళీ. ఏటా మేలో ఊరంతా అక్కడ చేరి, సమాధుల మీద పూలు పెట్టి, గడ్డిలో దుప్పట్లు పరుచుకుని వేయించిన కోడి తింటారు. విధవరాళ్లు ఎవరి పేరు దగ్గర వాళ్లు పళ్లెం పట్టుకుని కూర్చుంటారు. పెళ్లయిన కొత్త నుంచీ వెల్డా ఆ దృశ్యం చూడగానే తన పళ్లెం పక్కన పెట్టేసేది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

"నేనింకా బతికే ఉన్నాను కదా వదినా," అంది మెల్లగా.

"మరి నేను చచ్చానా? హోబర్ట్ పక్కన నా పేరు ఎన్నేళ్ల నుంచి లేదూ! ఏటా వెళ్లి నా పేరు మీది గడ్డి నేనే పీక్కొస్తున్నా. ఇంకొకళ్లు పీకుతారని నమ్మకమేంటి?"

వెల్డా కిటికీ అద్దం మీది మరకను వేలితో తుడిచింది.

"నీ పేరు లేకపోతే జనం ఏమంటారో తెలుసా? కుడి పక్క ఖాళీగా ఉంచిందంటే గ్యాస్ బండి తోలే ల్యూథర్ మీద కన్నేసిందంటారు."

"ల్యూథర్‌కి పళ్లే లేవు."

"పళ్లు లేకపోతేనేం, బండి ఉంది కదా."

వెల్డాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు అయిపోగానే మళ్లీ రాయి గుర్తొచ్చింది.

లాడ్జి కొండ నెత్తిన ఉంది. కింద రాయి, పైన దుంగలు, ముందు పొడుగాటి వరండా, వరండా నిండా ఊగే కుర్చీలు. హాల్లో గడ్డి కూరిన ఎలుగుబంటి ఒకటి చేతులు చాచి నిలబడి ఉంది. మేడ మీద వాళ్ల గదిలో రెండు మంచాలు. ఓపల్ వస్తూనే మేజోళ్లు దీపం మీద ఆరేసి, బూట్లు ఒకటి తలుపు దగ్గర, ఒకటి మంచం కింద వదిలి, వేరుశనక్కాయలు ఒలుచుకోవడం మొదలుపెట్టింది. తొక్కలు ఎక్కడ పడితే అక్కడ పడ్డాయి. వెల్డా వాటిని ఏరింది.

మర్నాడు శనివారం. వెల్డాకు మామూలు వేళకే మెలకువ వచ్చింది. పొయ్యి లేదు, కాఫీ గిన్నె లేదు. తన మంచం సర్దింది. దిండు తట్టి, దుప్పటి మూలలు పరుపు కిందకి మడిచింది. తర్వాత ఓపల్ మంచం పక్కన నిలబడి ఎదురుచూసింది. ఓపల్ ఒత్తిగిల్లగానే దుప్పటి అంచు అందుకుంది.

"లాగేస్తున్నావేంటే, కాళ్లింకా దీంట్లోనే ఉన్నాయి!" అని ఓపల్ అరిచింది.

"లేస్తావేమోనని."

"లేచేది నేను, మంచం కాదు. పో, వెళ్లి వరండాలో కూర్చో."

వెల్డా వెళ్లి కూర్చుంది. లోయలోంచి పొగమంచు పైకి లేస్తోంది. పక్క కుర్చీలో ఎవరో పెద్దాయన డేగను చూపించాడు. చూసింది. డేగ వెళ్లిపోయింది. ఊగే కుర్చీ ఊగుతున్నకొద్దీ ఆమెకు ఎక్కడికో ఆలస్యమవుతున్నట్టు అనిపించింది. లేచి, వరండాలో రాలిన పైన్ ఆకుల్ని చెప్పుతో ఒక పక్కకి నెట్టింది. అడవి బాట పట్టి నీటిధార దాకా నడిచి, నీళ్లు చూడకుండానే తిరిగొచ్చింది. హాల్లో బల్ల మీద ఎవరో సగం పేర్చి వదిలేసిన బొమ్మ ముక్కలుంటే, వాటిని రంగుల వారీగా కుప్పలు పెట్టింది. అప్పటికి ఓపల్ వరండాలోకి వచ్చి, ఎవరెవరితోనో తన మోకాలి ఆపరేషన్ గురించి చెబుతోంది.

మధ్యాహ్నం వెల్డా గదికి వచ్చింది. వాళ్లమ్మ ఒక మాట అంటుండేది, పరాయి ఆడది వచ్చి మన పక్క దులిపే పరిస్థితి తెచ్చుకోకూడదని. ముందు ఓపల్ మంచం సర్ది, మేజోళ్లు మడత పెట్టింది. నేల మీద ఒలికిన పౌడరు తడిగుడ్డతో ఎత్తింది. గాజు గ్లాసులు కడిగి బోర్లించింది. స్నానాల తొట్టి రుద్దింది. తువ్వాళ్లు చదరంగా మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టింది. చెత్తబుట్టను నడవా చివర పెద్ద డబ్బాలో దులిపి, బుట్టను కూడా తుడిచింది. చేస్తున్నకొద్దీ చేతులకు ఊపు వచ్చింది. ఎలాగూ రేపు వెళ్లేదే కదా, కట్టేస్తే పోలేదా అనుకుని రెండు పెట్టెలూ సర్దేసింది. సర్దిన పెట్టెలు గదిలో ఎందుకని వెనక మెట్ల మీదుగా మోసుకెళ్లి, తాళం వేయని బ్యూక్‌లో పెట్టింది. గౌనుకు జేబు లేదు గనక గది తాళంచెవి అద్దం బల్ల మీద పెట్టేసింది. రెండో తాళంచెవి ఓపల్ సంచిలో ఎలాగూ ఉంది.

గుమ్మంలో నిలబడి ఒకసారి చూసుకుంది. ఈ గదిలో మనుషులు తిరిగారంటే ఎవరూ నమ్మరు. వచ్చినప్పటి నుంచి మొదటిసారి చేతులు ఊరుకున్నాయి.

సాయంత్రం భోజనంలో ఉడికించిన గోధుమరంగు చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, బంగాళాదుంపలతో కలిపి వేయించిన ర్యాంప్స్ పెట్టారు. ర్యాంప్స్ అడవిలో మొలిచే ఉల్లి. ఆ వాసనకి తిన్నవాళ్ల దగ్గర నాలుగు రోజులు ఎవరూ నిలబడలేరు.

"కానివ్వు, ఇంకొంచెం వేసుకో. నేనూ తిన్నా, నువ్వూ తిన్నావు. ఈ రాత్రి మన గదిలోకి ఎలుగుబంటి కూడా రాదు," అంది ఓపల్. వెంటనే గొంతు మార్చింది. "మరి రేపు ఆసాకి ఏం చెప్పను?"

వెల్డా రొట్టె ముక్క చిదిపింది. అడిగీ అడిగీ ఓపల్ మానదు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. చెప్పడానికి తన దగ్గర మాట లేదు.

"నీ ఇష్టం వదినా," అంది.

"అదీ మాట!" ఓపల్ బల్ల మీద చెయ్యి చరిచి, ఆ సంతోషంలో పళ్లు కూరి కాల్చిన తీపి 'పై' ముక్క కూడా తెచ్చుకుని తింది.

ఇంకా వెలుతురు ఉండగానే మేడెక్కారు. ఓపల్ తాళం తీసి తలుపు నెట్టింది. వెల్డా మంచం మీద బనీనుతో ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. ఒక కాలికే మేజోడు ఉంది. రెండోది చేతిలో ఉంది.

"ఎవరు మీరు?" అన్నాడు లేచి కూర్చుంటూ.

"మీరెవరు? నా గదిలో మగాడు పడుకుని తొమ్మిదేళ్లయింది. పడుకునేవాడివి అడిగి పడుకోవద్దటయ్యా!"

"ఒహాయో నుంచి వచ్చాం. ఇప్పుడే ఇచ్చారమ్మా ఈ గది."

స్నానాల గదిలోంచి ఆడగొంతు వినిపించింది. "ఎవరండీ వచ్చిందీ?"

"ఎవరో ఇద్దరు ఆడవాళ్లే."

"ఇద్దరా!"

వెల్డా వాళ్ల మాటలు వినడం లేదు. మంచాన్ని చూస్తోంది. దిండు మీద ఆయన తల గుంట పడి ఉంది. దుప్పటి ఒక పక్కకి జారింది. నేల మీద బూటు, బల్ల మీద కళ్లద్దాలు, సగం తిన్న ఆపిల్. వచ్చి గంట కూడా అయ్యుండదు, గది అప్పుడే వాళ్లది అయిపోయింది.

కింద కౌంటరు దగ్గర డ్వైట్ అనే మనిషికి చెవులదాకా ఎరుపెక్కింది.

"క్షమించండమ్మా. గదులు సర్దే అమ్మాయి ఖాళీ అయిందని చెప్పింది. సామాను లేదు, తాళంచెవి బల్ల మీద ఉంది, చెత్తబుట్టలో కాగితం ముక్క కూడా లేదట. అసలు నిన్నటి నుంచి ఆ గదిలో ఎవరూ దిగనే లేదేమో, మనమే పొరబడ్డామేమో అంది."

ఓపల్ నెమ్మదిగా వెల్డా వైపు తిరిగింది. "ఏం చేశావే?"

"సర్దాను."

"సామాను?"

"కారులో."

ఓపల్ నవ్వడం మొదలుపెట్టి, ఆగలేక, ఎలుగుబంటి కాళ్ల దగ్గర బల్ల మీద కూలబడింది. వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పింది. "మా తమ్ముడి పెళ్లామండీ! తనను తానే గదిలోంచి ఊడ్చేసుకుంది!" హాలంతా నవ్వింది. డ్వైట్ కూడా నవ్వాడు. వంటగది మీద ఇంకో గది ఉందని తాళంచెవులు ఇచ్చాడు. వెల్డా ఒక్కతే నవ్వలేదు.

కొత్త గదిలో ఆమె, పెట్టెలతోపాటు కారులోంచి తెచ్చుకుని తొడుక్కున్న కోటు విప్పకుండానే మంచం అంచున కూర్చుంది. కిటికీ అవతల కొండల మీద ఎండ ఇంకా ఉంది.

"వదినా, ఆసాకి ఫోన్ చేసినప్పుడు ఆర్విల్ పేరొక్కటే చెక్కమను."

బూటు విప్పుతున్న ఓపల్ ఆగింది. "ఇందాక నీ ఇష్టం అన్నావు."

"ఇందాక అన్నాను."

"జనం ఏమంటారు?"

"ల్యూథర్‌తో వెళ్లిపోతానంటారు. అననీ."

ఓపల్ ముఖంలో నవ్వు పోయింది. "మా తమ్ముడి పక్కన పడుకోవడం నీకిష్టం లేదా? సూటిగా చెప్పు."

"నేను పోయాక అక్కడే పెట్టండి. ఇంకెక్కడికి పోతాను? చోటు ఉంచమను. పేరు అప్పుడు చెక్కించండి. ఇప్పుడొద్దు." "ఆ అమ్మాయి గదిలో ఎవరూ లేరనుకుంది వదినా. నేను పొద్దున్నుంచీ దాంట్లోనే ఉన్నాను."

ఓపల్ విప్పిన బూటును చేతిలో తిప్పింది.

"నేను గడ్డి పీక్కుంటుంటే నీకేమనిపించేది?" అంది చివరికి.

"భయమేసేది."

"ఊఁ." బూటు కింద పడేసింది. "మొదటి ఏడాది నాకూ వేసింది. తర్వాత జోకులేయడం నేర్చుకున్నాలే." రెండో బూటు విప్పుతూ, "సరే. చేతుల బొమ్మ కూడా వద్దని చెప్తా. ఒక్క చెయ్యే చెక్కితే ఎవర్నో బదులు అడుగుతున్నట్టు ఉంటుంది. మావాడు జన్మలో ఎవర్నీ అడిగి ఎరగడు," అంది.

వెల్డాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఓపల్ తన జేబురుమాలు విసిరింది. దానికి వేరుశనక్కాయ పొట్టు అంటుకుని ఉంది.

ఆదివారం పొద్దున వెల్డాకు మెలకువ మామూలు వేళకే వచ్చింది. లేవలేదు. కింద వంటగదిలోంచి గిన్నెల చప్పుడు, కాల్చిన బిస్కెట్ రొట్టెల వాసన వస్తుంటే పడుకుని వింటూ ఉంది. కాళ్లు లేద్దాం లేద్దాం అని పీకుతూనే ఉన్నాయి. ఓపల్ లేచి ముఖం కడుక్కుని, కోటు తొడుక్కుని గుమ్మం దగ్గరికి వెళ్లాకే ఆమె లేచింది. దుప్పటి సగం నేల మీదకి జారింది. దిండు మంచానికీ గోడకీ మధ్య పడిపోయింది. తుడుచుకున్న తువ్వాలు కుర్చీ మీద ముద్దగా ఉంది.

ఓపల్ మంచం వైపు ఒకసారి, వెల్డా వైపు ఒకసారి చూసింది. "మరి ఇదీ?"

వెల్డా చెయ్యి దుప్పటి అంచు దాకా వెళ్లింది. దాన్ని పట్టుకుంది కూడా. వేళ్లు మడత వెతుక్కున్నాయి.

వదిలేసింది.

"ఆకలేస్తోంది వదినా, పద," అని రెండు చేతులూ కోటు జేబుల్లో దూర్చుకుని, మంచం అలాగే ఉండగా, ఓపల్‌ను దాటుకుని మెట్ల వైపు నడిచింది.